బందరు నోబుల్ పాఠశాల – తెరచిన తలుపు, మూసిన తలుపు

మన కృష్ణా, గోదావరి జిల్లాల సంఘములలో మిషను బడి పేరు వినని కుటుంబము లేదు. తాతగారు అక్కడ అక్షరాలు దిద్దారనో, మేనత్త అక్కడ హాస్టలులో ఉండి చదివిందనో ప్రతి ఇంట్లో ఒక మాట వినబడుతుంది. ఈ నెల ఆ బడులలో మిక్కిలి పాతదైన మచిలీపట్నము నోబుల్ పాఠశాల చరిత్రను మీ ముందు ఉంచుతున్నాము. అందులో దేవునికి స్తోత్రము చెల్లించవలసిన సంగతులున్నవి, తల వంచుకొని ఆలోచించవలసిన సంగతి కూడా ఒకటి ఉన్నది.

1841లో చర్చి మిషనరీ సొసైటీవారు ఇద్దరు యౌవనస్థులను తెలుగు దేశమునకు పంపారు. ఒకరు రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్, రెండవవారు హెన్రీ వాట్సన్ ఫాక్స్. ఫాక్స్ దొరగారు పల్లెలు తిరిగి, సంతలలోను తిరునాళ్ళలోను వాక్యము చెప్పేవారు. నోబుల్ దొరగారు బందరులోనే నిలిచి, 1843 నవంబరులో కొద్దిమంది పిల్లలతో ఇంగ్లీషు పాఠశాల తెరిచారు. ప్రతి దినము బైబిలు పాఠము ఉండి తీరవలెనన్నది ఆయన నియమము. ఆ నియమమును ఆయన ఎన్నడూ సడలించలేదు.

ఫాక్స్ దొరగారి ఆరోగ్యము పాడై, స్వదేశమునకు వెళ్ళి 1848లో ప్రభువునందు నిద్రించారు. ఆయన చిన్నప్పుడు చదివినది ఇంగ్లండులోని రగ్బీ పాఠశాల. అక్కడివారు ఆయన జ్ఞాపకార్థము చందాలు కూర్చి, బందరు బడిలో ఒక ఉపాధ్యాయుని పోషణకు నిధి ఏర్పాటు చేశారు. పూర్వవిద్యార్థి పేరిట అతని బడి చేసిన పని, సముద్రము అవతలి మన పిల్లల చదువుకు పనికివచ్చింది. ఒక బడి మరొక బడిని నిలబెట్టిన ఈ సంగతి మన సంఘములు జ్ఞాపకముంచుకొనదగినది.

తొమ్మిది సంవత్సరములు చదువు చెప్పినా ఒక్కరూ బాప్తిస్మము అడుగలేదు. 1852లో ఐనాల భూషణము, మంచాల రత్నము అను ఇద్దరు విద్యార్థులు బహిరంగముగా ప్రభువును ఒప్పుకొన్నారు. ఇద్దరూ పై కులములవారే. పట్టణమంతా అట్టుడికిపోయింది. తల్లిదండ్రులు ఏడ్చారు, బంధువులు బెదిరించారు. మిగిలిన పిల్లలను పెద్దలు బడి మాన్పించారు. ఏళ్ళ తరబడి నింపిన తరగతులు కొద్ది దినములలో ఖాళీ అయినవి. అయినను నోబుల్ దొరగారు బైబిలు పాఠము తీసివేసి పిల్లలను తిరిగి రప్పించుకొనలేదు. ఓర్చుకొని కనిపెట్టారు. మెల్లగా పిల్లలు తిరిగివచ్చారు. ఆ ఇద్దరు విద్యార్థులు తరువాత అభిషేకము పొంది పాదిరులుగా సేవ చేశారు. ఈ బడిలోనే క్రీస్తును ఎరిగిన జానీ అలీ అను ముస్లిము విద్యార్థి కేంబ్రిడ్జిలో పట్టా పొంది, తిరిగివచ్చి కలకత్తాలో మిషనరీగా పనిచేశారు.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరు మీదికి ఉప్పెన వచ్చింది. సముద్రము పొంగి మైళ్ళ దూరము లోపలికి వచ్చింది. సుమారు 30,000 మంది చనిపోయారని చెప్తారు. షార్కీ దొరసానిగారు నడుపుచున్న ఆడపిల్లల వసతి బడిలోని అనేకమంది బాలికలు ఆ నీటిలో కొట్టుకొనిపోయారు. మరుసటి సంవత్సరము, 1865 అక్టోబరులో, నోబుల్ దొరగారు కన్నుమూశారు. ఇరవై నాలుగు సంవత్సరములలో ఆయన ఒక్కసారియైనను స్వదేశమునకు తిరిగి వెళ్ళలేదు, వివాహము చేసుకొనలేదు. ఆయన దేహము బందరు మట్టిలోనే ఉన్నది.

తరువాతి కాలములో బడి కళాశాలగా ఎదిగింది. రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు ఇక్కడ అధ్యాపకులుగా ఉన్నారు. కృష్ణాపత్రికను 1907 నుండి 1945 వరకు నడిపిన ముట్నూరి కృష్ణారావుగారు, 1923లో ఆంధ్రా బ్యాంకు స్థాపించిన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు వారి శిష్యులే. వీరిద్దరు కోపల్లె హనుమంతరావుగారితో కలిసి 1910లో అదే పట్టణములో ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించారు. వీరు క్రైస్తవులు కారు. అయినను మిషను బడిలో పెట్టిన దీపము వెలుగు దేశమునకు ఉపయోగపడినదని సంతోషించుటకు మనకు అభ్యంతరము లేదు.

ఇక తల వంచుకొనవలసిన సంగతి చెప్పవలెను. నోబుల్ దొరగారి కాలములో ఆ బడి పై కులముల పిల్లల కొరకే. మాల మాదిగ పిల్లలకు ప్రవేశము లేదు. పెద్ద కులములు మారితే దేశమంతా మారునని ఆయన ఆలోచన. దళితులను చేర్చుకొంటే మిగిలినవారు పోవుదురని భయము. ఉద్దేశము మంచిదే కావచ్చును. కాని పాపులతోను సుంకరులతోను కూర్చుండి భోజనము చేసిన ప్రభువు పేరిట నడిచే బడి, కొందరు బిడ్డలను గుమ్మములోనే ఆపినది. ఈ పత్రిక చదివే మనలో చాలామంది ఆ గుమ్మము బయట నిలిచినవారి మునిమనుమలమే.

అయితే దేవుడు ఆ తలుపు తెరిచేవరకు ఆగలేదు. 1859లో రాఘవాపురము మాలపల్లెకు చెందిన పగోలు వెంకయ్యగారు, ఏ బడిలోనూ చదువుకోని మనిషి, బెజవాడలో డార్లింగ్ దొరగారిని కలిసి సువార్త విన్నారు. తన వారితో కూడ బాప్తిస్మము పొందారు. తరువాత పల్లె పల్లెకు ఆ మాట మోసుకొనిపోయినవారు ఆయనే. బందరులో ఏళ్ళ తరబడి ఒకరిద్దరిగా వచ్చినవారు, పల్లెలలో కుటుంబములుగా వచ్చారు. ఆ కుటుంబములకు చదువు కావలసి వచ్చింది. తాటాకు పాకలలో పల్లె బడులు లేచినవి. పగలు పిల్లలకు ఓనమాలు, రాత్రి కూలి నుండి వచ్చిన పెద్దలకు పాటలు, ప్రార్థన, ఆదివారము ఆరాధన – అన్నీ ఒక్క ఉపదేశి పంతులుగారి భుజముల మీదనే. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందిన అజరయ్యగారి కాలములో కూడ ఈ పల్లె పంతుళ్ళే సంఘమునకు వెన్నెముక. పెద్ద బడి తలుపు కూడ కాలక్రమమున అందరికీ తెరచుకొన్నది.

పెద్ద బడికి చరిత్ర పుస్తకములున్నవి, గోడల మీద పేర్లున్నవి. పాక బడికి అవి లేవు. ఆ పంతుళ్ళ పేర్లు మన ముసలివారి నోళ్ళలోనే ఉన్నవి, వారితోనే పోవుచున్నవి. కావున మా మనవి ఇది. మీ ఇంట్లో పెద్దలను కూర్చోబెట్టి, మీ పల్లెలో మొదటి పంతులు ఎవరో, బడి ఎక్కడ ఉండేదో, జీతము ధాన్యముగా ఇచ్చారో డబ్బుగా ఇచ్చారో అడగండి. కుటుంబ బైబిలు చివరి పేజీలోనైనా వ్రాసి ఉంచండి. మిషను బడిలో చదివి ఉద్యోగములలో స్థిరపడినవారు, రగ్బీవారు చేసినట్లు, మీ పాత బడిలో ఒక బీద బిడ్డ ఫీజు, పుస్తకములు భరించండి.

మరి ఒక్క మాట. ఈనాడు మన ఇండ్లలో, మన సంఘములలో, ఏ బిడ్డను గుమ్మము బయట నిలుపుచున్నాము? పొలము పనికి పోయే పిల్లయా, ఆడపిల్లయా, మన కులము కానివాడా? నోబుల్ దొరగారి ఓర్పును మనము నేర్చుకొందము. ఆయన మూసిన తలుపును మాత్రము మనము తెరుద్దము. చిన్నబిడ్డలను తనయొద్దకు రానిమ్మని సెలవిచ్చిన ప్రభువు అందుకు మనకు కృపనిచ్చును గాక. ఆమేన్.