సాంకేతిక పరిశ్రమకు సంఘబలం - గ్రామీణ యువతకు ఉపాధి బాట

(ప్రత్యేక వ్యాసం)

సమాచార సాంకేతిక రంగం అనగానే హైదరాబాదు, బెంగళూరు నగరాలలోని బహుళ అంతస్తుల భవనాలు గుర్తుకు రావడం సహజం. ఆ భవనాలలో పనిచేస్తున్న వారిలో గ్రామీణ రైతు కుటుంబాల నుండి వెళ్లిన యువతీ యువకులు అనేకులు ఉన్నారు. సోమల, పుంగనూరు, కుప్పం, మదనపల్లె ప్రాంతాలకు వ్యవసాయం, పాడి జీవనాధారాలు. మదనపల్లె టమోటా మార్కెట్టులో ధర పలికిన ఏడాది ఇంటిలో కళకళ, పలకని ఏడాది అప్పుల భారం. ఈ ఒడిదుడుకుల నడుమ తల్లిదండ్రులు తమ బిడ్డల చదువుపైనే ఆశలు పెట్టుకుంటున్నారు. అయితే పట్టా చేతికి వచ్చినంత మాత్రాన ఉద్యోగం వస్తుందన్న భరోసా లేదు. చదువుకూ కొలువుకూ మధ్యనున్న ఈ అంతరాన్ని పూడ్చడంలో పరిశ్రమ సంఘాల పాత్ర ఏమిటో తెలుసుకోవడం విద్యార్థులకు, తల్లిదండ్రులకు, కళాశాలల యాజమాన్యాలకు ఎంతైనా అవసరం.

పోటీదారులే భాగస్వాములు

మార్కెట్టులో ఒకదానితో ఒకటి పోటీపడే సంస్థలు ఒకే సంఘంగా ఏర్పడటం వింతగా తోచవచ్చు. కానీ విద్యుత్తు, రహదారులు, పన్నుల విధానం, నిపుణుల లభ్యత వంటివి ఏ ఒక్క సంస్థా ఒంటరిగా సాధించుకోగలిగినవి కావు. ముఖ్యంగా చిన్న సంస్థల మాట ప్రభుత్వం దృష్టికి చేరాలంటే ఉమ్మడి వేదిక తప్పనిసరి. ఈ అవసరం నుండే 1988లో జాతీయ స్థాయిలో నాస్కామ్ ఆవిర్భవించింది. 1991లో కేంద్ర ప్రభుత్వం సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థను నెలకొల్పి ఎగుమతులకు ఊతమిచ్చింది. అదే సంవత్సరంలో హైదరాబాదులోని సంస్థలు సాఫ్ట్‌వేర్ ఎగుమతిదారుల సంఘంగా ఏర్పడ్డాయి. అదే నేటి హైసియా. ఉమ్మడి రాష్ట్రంలో కొంతకాలం ‘ఇట్సాప్’ పేరుతో పనిచేసిన ఈ సంఘం, రాష్ట్ర విభజన తరువాత తిరిగి హైసియా పేరుతోనే కొనసాగుతున్నది. వార్షిక సదస్సులు నిర్వహించడం, ఉత్తమ ఉత్పత్తులకు పురస్కారాలు అందజేయడం, పరిశ్రమ సమస్యలను ప్రభుత్వం దృష్టికి తీసుకువెళ్లడం ఈ సంఘం చేపట్టే ప్రధాన కార్యక్రమాలు.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభం, అదే ఏడాది ట్రిపుల్ ఐటీ స్థాపన, 2015లో టీ-హబ్ ఏర్పాటు వంటివి ఈ రంగం విస్తరణకు దోహదపడ్డాయి. తెలంగాణ ప్రభుత్వ లెక్కల ప్రకారం 2013-14లో రూ.57,258 కోట్లుగా ఉన్న ఐటీ ఎగుమతులు 2022-23 నాటికి రూ.2,41,275 కోట్లకు చేరాయి. ఇదే కాలంలో ఉద్యోగుల సంఖ్య 3,23,396 నుండి 9,05,715కు పెరిగింది. ఇంతమంది నిపుణులను సమకూర్చుకోవడం ఏ ఒక్క సంస్థ నియామక విభాగం వల్లనో అయ్యే పని కాదు. ప్రభుత్వం, విద్యాసంస్థలు, పరిశ్రమ కలిసి పనిచేయవలసిన అవసరం ఇక్కడే స్పష్టమవుతున్నది.

కొలత ఉంటేనే శిక్షణ

నాస్కామ్, మెకిన్సే 2005లో వెలువరించిన నివేదిక దేశాన్ని ఆలోచింపజేసింది. సాంకేతిక పట్టభద్రులలో సుమారు 25 శాతం, సాధారణ పట్టభద్రులలో 10 నుండి 15 శాతం మాత్రమే ఐటీ, బీపీఓ ఉద్యోగాలకు తగినట్లుగా ఉన్నారని ఆ నివేదిక పేర్కొన్నది. తెలివితేటలు లేకపోవడం దీనికి కారణం కాదు. పరిశ్రమకు ఏమి కావాలో కళాశాలకు తెలియదు. కళాశాలలో ఏమి బోధిస్తున్నారో పరిశ్రమ పట్టించుకోలేదు. ఫలితంగా నష్టపోయినది విద్యార్థి.

ఈ లోటును సవరించేందుకు సంఘం పక్షాన 2006లో ‘నాక్’ పేరిట సామర్థ్య పరీక్ష ప్రారంభమయింది. అభ్యర్థి భాషా పరిజ్ఞానం, విశ్లేషణ శక్తి, కంప్యూటరు వినియోగం వంటి అంశాలను ఒకే కొలమానంతో అంచనా వేయడం దీని ఉద్దేశం. అనంతరం నాస్కామ్ ఆధ్వర్యంలోని రంగ నైపుణ్య మండలి ఒక్కొక్క ఉద్యోగానికి ఏ నైపుణ్యాలు అవసరమో వివరించే ప్రమాణ పత్రాలను రూపొందించింది. 2018 ఫిబ్రవరి 19న హైదరాబాదులో ప్రపంచ ఐటీ మహాసభల సందర్భంగా ‘ఫ్యూచర్ స్కిల్స్’ వేదిక ప్రారంభమయింది. తదుపరి కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ భాగస్వామ్యంతో ఇది ‘ఫ్యూచర్ స్కిల్స్ ప్రైమ్’గా విస్తరించింది. కృత్రిమ మేధ, సైబర్ భద్రత వంటి అంశాలను ఇంటి వద్ద నుండే నేర్చుకునే అవకాశం తద్వారా లభిస్తున్నది.

ప్రభుత్వ పరంగానూ ఈ దిశగా కృషి జరిగింది. ఉమ్మడి రాష్ట్రంలో జవహర్ నాలెడ్జ్ సెంటర్లు కళాశాలలలోనే శిక్షణ అందించాయి. తెలంగాణలో 2015లో ‘టాస్క్’ ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో నైపుణ్యాభివృద్ధి సంస్థ ఏర్పాటు కాగా, 2025లో అమరావతి కేంద్రంగా, తిరుపతి సహా ఇతర నగరాలలో శాఖలతో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ ప్రారంభమయింది.

కుప్పం అనుభవం చెప్పే పాఠం

సాంకేతికతను పల్లెకు చేర్చే ప్రయత్నం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వ సహకారంతో కుప్పంలో ‘ఐ-కమ్యూనిటీ’ పథకాన్ని చేపట్టింది. ప్రజా సమాచార కేంద్రాలు నెలకొల్పింది. గ్రామీణ మహిళలకు డిజిటల్ కెమెరా, సౌరశక్తితో పనిచేసే ప్రింటరు ఇచ్చి ఫోటోగ్రాఫర్లుగా తీర్చిదిద్దింది. సరైన పనిముట్టు, శిక్షణ అందితే పల్లె మహిళ కూడా సాంకేతికతతో సంపాదించుకోగలదని ఆ పథకం నిరూపించింది. అయితే ఒక్క సంస్థ చేపట్టిన పథకానికి ఆ సంస్థ నిర్ణయించిన గడువే ఆయువు. అనేక సంస్థలు కలిసిన సంఘానికి ఆ పరిమితి లేదు; ఒక సభ్యుడు తప్పుకున్నా పని ఆగదు. సంఘబలం విలువ ఇక్కడే తెలుస్తున్నది.

మదనపల్లెలో 1915లో ఏర్పడిన బీసెంట్ థియోసాఫికల్ కళాశాల, 1998లో అంగళ్లు వద్ద నెలకొన్న ఇంజనీరింగ్ విద్యాసంస్థ, కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయం ఈ ప్రాంతానికి విద్యాబలాన్ని సమకూర్చాయి. మదనపల్లెకు బెంగళూరు సుమారు 120 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నది. చదువు చేరువలో ఉన్నది, పరిశ్రమ చేరువలో ఉన్నది. వాటిని కలిపే వారధిని నిర్మించుకోవడమే మిగిలి ఉన్నది.

విద్యార్థులు గమనించవలసినవి

పరిశ్రమ సంఘం ఉద్యోగాలు పంచిపెట్టే కార్యాలయం కాదు. అది ప్రధానంగా సభ్య సంస్థల ప్రయోజనాల కోసం ఏర్పడినది. సంఘ కార్యక్రమాలు నగరాలలోనే ఎక్కువగా జరుగుతాయి కనుక, గ్రామీణ కళాశాలలు పిలుపు కోసం ఎదురుచూడక తామే ముందుకు వెళ్లి సంప్రదించవలసి ఉన్నది. అధ్యాపకులు ప్రమాణ పత్రాలను పరిశీలించి, పాఠ్యాంశాలలో లేని నైపుణ్యాలను గుర్తించి అదనపు తరగతులు నిర్వహిస్తే విద్యార్థులకు మేలు జరుగుతుంది. విద్యార్థులు మూడవ సంవత్సరం వరకు ఆగకుండా మొదటి సంవత్సరం నుండే ఒక నైపుణ్యాన్ని ఎంచుకుని సాధన చేయాలి. స్వయంగా చేసిన చిన్న ప్రాజెక్టు ఒకటి చూపగలిగితే మౌఖిక పరీక్షలో అది ఎంతో అక్కరకు వస్తుంది.

ఉద్యోగం ఇప్పిస్తామంటూ డిపాజిట్టు, శిక్షణ రుసుము పేరిట ముందుగా డబ్బు కోరే వారి పట్ల అప్రమత్తంగా ఉండాలి. పేరున్న సంస్థలు నియామకానికి సొమ్ము వసూలు చేయవు. ఆన్‌లైన్‌లో మోసపోయినవారు జాప్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయాలి. పంట అమ్మి, నగ తాకట్టు పెట్టి తెచ్చిన సొమ్ము దళారుల పాలు కాకూడదు.

పాలకు ధర కావాలంటే రైతులు సంఘంగా ఏర్పడాలన్న సత్యం ఈ ప్రాంత ప్రజలకు కొత్తగా చెప్పనవసరం లేదు. సాంకేతిక పరిశ్రమ ఎదుగుదలకూ అదే సూత్రం వర్తిస్తుంది. ఆ ఐక్యత ఫలాలు సోమల వంటి మండలాలకు సైతం అందాలంటే కళాశాల, పరిశ్రమ, ప్రభుత్వం ఒక్క తాటిపై నడవడం అవసరం. అప్పుడే పల్లెలోని ప్రతిభకు తగిన వెల లభిస్తుంది.

- ప్రజా సంబంధాల అధికారి