నెత్తురుబొట్టును, బిడ్డ చూపును

పాతబస్తీ పేట్లబురుజులోని ప్రభుత్వ ప్రసూతి వైద్యశాలనుండి ప్రతిదినమును ఎందరో తల్లులు పసికందుల నెత్తుకొని యిండ్లకు మరలుచున్నారు. ఆ బిడ్డలలో ఆటిజము గలవా రెవ్వరో పుట్టిననాడే యొక పరీక్షచే తెలిసికొనవచ్చునా యని లోకమందలి శాస్త్రజ్ఞులు వెదకుచున్నారు. ఈ వెదకులాటలో మన నగరమునకును పాలుగలదు గావున, దీనిని పాఠకుల యెదుట విచారింపదలచితిమి.

1943లో అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి ఈ స్థితిని వర్ణించెను. పేరుపెట్టి పిలిచినను తిరిగి చూడకుండుట, మాట యాలస్యమగుట, ఒకే చేష్టను మరల మరల చేయుట దీని లక్షణములలో ముఖ్యములు. తల్లి లాలన చాలనందున ఇది కలుగునని కొంతకాలము పెద్దలే పలికిరి. ఆ మాట తప్పని తేలినది. తల్లులు ఆ నింద మోయ నవసరము లేదు.

కొన్ని వ్యాధులకు ఒక్క నెత్తురుబొట్టే సాక్ష్యము చెప్పును. హైదరాబాదులోని నాలుగు ప్రభుత్వ ప్రసూతి వైద్యశాలలలో జన్మించిన 18,300 మంది శిశువుల నెత్తురును పరీక్షించి 2004లో ఫలితములు ప్రకటించిరి. సుమారు 1,700 మందిలో నొకరికి పుట్టుకతోనే థైరాయిడు కొరత కానవచ్చెను. అట్టి బిడ్డకు మొదటి వారములలోనే మాత్ర మొదలిడినచో బుద్ధిమాంద్యము తప్పును. ఇంత స్వల్పమైన పరీక్ష ఇంత గొప్ప మేలు చేయగా, ఆటిజమునకును అట్టిదే కావలెనని కోరుట సహజమే.

మన నగర పరిశోధకులు ఆ కోరికను కోరికగానే విడువలేదు. ఆటిజము గల 138 మంది పిల్లలను, లేని 138 మందిని పోల్చి 2009లో ఒక వ్యాసము ప్రకటించిరి. ఫోలిక్ ఆమ్లమును శరీరము వినియోగించుకొనుటకు తోడ్పడు ఒక జన్యువునందలి భేదము మొదటివారిలో నూటికి 16.3 ప్రతులందును, రెండవవారిలో 6.5 ప్రతులందును కానవచ్చెను. ఇది విలువగల పరిశోధన యనుటకు సందేహము లేదు. కాని ప్రతి బిడ్డకును ఆ జన్యువు రెండు ప్రతు లుండును గదా. ఎట్లు లెక్కించినను ఆటిజము గల ఆ పిల్లలలో మూడింట రెండు వంతులకు పైగా ఆ భేదము లేనేలేదు; లేనివారిలో కొందరికి అది యున్నది. కావున అది కారణముల యన్వేషణకు దారిచూపు గురుతే కాని, బిడ్డపై తీర్పు చెప్పు సాక్షి కాదు.

2017లో అమెరికా పరిశోధకులు మరియొక త్రోవ త్రొక్కిరి. ఆటిజము గల అన్నయో అక్కయో ఉన్న ఆరునెలల శిశువులు 59 మంది మెదళ్లను యంత్రముతో పరీక్షించిరి. రెండేండ్లు నిండునప్పటికి 11 మందికి ఆటిజమని నిర్ధారణ కాగా, వారిలో 9 మందిని ఆ పరీక్ష ముందే గుర్తించియుండెను. ఆశ గొలుపు ఫలితమే. అయినను పరీక్షింపబడినవారు కొలదిమంది, యంత్రము వెలగలది.

ఇట లెక్క యొకటి గమనింపవలెను. పదివేల మంది బిడ్డలలో నూరుగురికి ఆటిజ మున్నదనుకొందము. నూటికి తొంబది పాళ్లు సరిగా చెప్పు పరీక్షయు దొరికినదనుకొందము. అది నూరుగురిలో తొంబది మందిని పట్టును. తక్కిన 9,900 మందిలో 990 మందిని గూడ పొరపాటున పట్టును. అనగా, ఉన్నదని చెప్పబడిన ప్రతి పన్నెండిండ్లలో పదునొకటి నిష్కారణముగా దుఃఖించును. నెత్తురును జూచి ఆటిజమును నిశ్చయింతుమని సొమ్మడుగు వారియెడ తల్లిదండ్రులు జాగరూకులై యుండవలెను.

మరి నేడు చేయదగిన దేమి? బిడ్డ నడవడియే నేటికి నమ్మదగిన గురుతు. పదునారు మొదలు ఇరువదినాలుగు నెలల నడుమ తట్టు టీకా రెండవ మోతాదుకై తల్లులు బిడ్డలను తెచ్చుచునే యున్నారు. ఆనాడే వారిని కొన్ని ప్రశ్న లడుగవచ్చును: పిలిచిన తిరిగి చూచునా? వ్రేలుచాచి వస్తువును మీకు చూపునా? మీరు చూచినవైపు తానును చూచునా? ఈ ప్రశ్నలు పాతబస్తీ తల్లులకు తెలిసిన ఉర్దూలోను తెలుగులోను అడుగవలెను. తెలియని భాషలో నడిగిన ప్రశ్నకు తలయూపుటయే ప్రత్యుత్తరమగును.

మేనమామకును ఆలస్యముగనే మాటలు వచ్చెనని బంధువులు ధైర్యము చెప్పుదురు. ఆ ధైర్యమే యేండ్లను హరించును. సందేహము కలిగిననాడే చూపించిన బిడ్డకు మాటయు ఆటయు నేర్పు శిక్షణ ముందుగా లభించును. ఆటిజమును కొలుచుటకు 40 అంశముల భారతీయ మాపకమును రూపొందించిన జాతీయసంస్థ మన సికిందరాబాదులోనే యున్నది. కాని దినకూలిపై బ్రతుకు పాతబస్తీ తల్లికి మూసీ దాటి అచ్చటికి పోవుట ఒకనాటి కూలి పోగొట్టుకొనుటయే. శిక్షణ తెలిసినవారిని ఆమె పేటకే పంపుట ప్రభుత్వమునకు విధి. అందుకు తోడ్పడుట నగరమందలి సంపన్నులకు ధర్మము.

పరిశోధన సాగవలెను; నెత్తురుబొట్టు పలుకు దినము రావలెనని మేమును కోరుచున్నాము. కాని క్రొత్త బావిలో నీరు పడువరకు ఉన్న చెలమను పూడ్చుకొను రైతు ఎచ్చటను లేడు. తల్లి కన్నే మనకు నేడున్న చెలమ. ఆమె సందేహమును ఆలకించువారు కావలెను.