పాట మిగిలిన పిట్ట, విత్తనం మిగిలిన మందారం

అమ్మవారి పూజకు మనం కోసే మందారానికి హవాయి దీవుల్లో ఒక పసుపుపచ్చని చుట్టం ఉంది. అక్కడివారు దాన్ని ‘మఓ హౌ హెలె’ అంటారు. 1988 నుంచి అది హవాయి రాష్ట్ర పుష్పం. 1994లో అమెరికా ప్రభుత్వం దాన్ని అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న మొక్కల జాబితాలో చేర్చింది.

ఆ దీవుల్లోనే, కవాయి అడవుల్లో, ‘ఓఓ’ అనే పాటల పిట్ట ఉండేది. నల్లటి ఒళ్లు, కాళ్ల పైభాగాన పసుపు ఈకలు. 1987 తర్వాత దాని పాట ఎవరూ విన్న దాఖలా లేదు. 2023లో అది అంతరించినట్లు ప్రభుత్వం ప్రకటించింది. ఐదు జాతులున్న దాని కుటుంబంలో అదే ఆఖరిది.

ఈ రెండింటికీ ముప్పు ఎక్కువగా బయటి నుంచే వచ్చింది. 19వ శతాబ్దంలో ఓడల్లో వచ్చిన దోమలు అక్కడి పక్షులకు మలేరియా అంటించాయి. ఎలుకలు గుడ్లు తిన్నాయి. 1982లోనూ 1992లోనూ తుఫానులు కవాయి అడవిని దెబ్బతీశాయి. ఇక మందారాన్ని మేకలు, పశువులు మేసేస్తాయి. బయటి నుంచి వచ్చిన గడ్డి ఎండి అంటుకుంటే, పొదలూ కాలిపోతాయి.

మరి మందారం ఎందుకు మిగిలింది? దాని విత్తనాలు దాచవచ్చు, కొమ్మ నాటి కొత్త మొక్క పెంచవచ్చు. పిట్టకు ఆ వీలు లేకపోయింది. దాని పాట రికార్డింగులు మాత్రం ఉన్నాయి, ఇప్పటికీ వినవచ్చు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే, రికార్డింగ్ లాగ్ ఫైల్ లాంటిది: ఏం జరిగిందో చెబుతుంది, పోయినదాన్ని తిరిగి తేలేదు. విత్తనం బ్యాకప్ లాంటిది: దాని నుంచి మొక్కను మళ్లీ తెచ్చుకోవచ్చు.

అయితే బ్యాకప్ ఒక్కటే సరిపోదు, రీస్టోర్ చేయడానికి చోటు కావాలి. విత్తనాలు డబ్బాలో భద్రంగా ఉన్నా, కంచె లేని, ఏటా నిప్పంటుకునే కొండమీద మొక్క బతకదు. కుండీలో పెరిగితే జాతి పేరు నిలుస్తుంది కానీ, అడవి తిరిగి రాదు. అందుకే అక్కడ విత్తనాలు దాచడంతో పాటు కంచెలు వేయడం, గడ్డి తీయడం కూడా సాగుతోంది.

మీరు సెలవులకు హవాయి వెళితే కాలిబాట దాటి నడవకండి, అడవి పూలు, విత్తనాలు కోయకండి. ఎక్కడికి వెళ్లినా నడక బూట్లకు అంటిన మట్టిని, గడ్డిగింజలను ముందే దులుపుకోండి. ఓఓ పిట్టకు ఇక మనం చేయగలిగింది లేదు. మందారానికి ఇంకా సమయం ఉంది.