వేరుసెనగపప్పు - గుండెమంట

వేరుసెనగ తిన్నచో ఛాతీలో మంట పుట్టుననియు, నోటిలోనికి పులినీరు ఎగదన్నుననియు గ్రామములలో పెక్కుమంది చెప్పుచుందురు. ఈ బాధకు జడిసి పప్పును బొత్తిగా మానివేసినవారును కలరు. అనంతపురము, శ్రీ సత్యసాయి జిల్లాల మెట్టసీమలో పేదవాని యింట కూడ దొరకు బలమైన ఆహారమిది. నూటికి సుమారు 25 పాళ్లు మాంసకృత్తులే. కావున మానుటకు ముందు, దోషము పప్పుదా, తిను పద్ధతిదా యని విచారింపవలసియున్నది. ఇట్టి సంగతులను గ్రామస్థులు పంచాయతీ సభ్యులనే అడుగుచుందురు గనుక కొంత వివరముగ వ్రాయుచున్నాము.

అన్నవాహిక జీర్ణకోశముతో కలియుచోట కండరపు కట్టు ఒకటి కలదు. దీనిని చెరువు తూము తలుపుతో పోల్చవచ్చును. మ్రింగిన ఆహారమును క్రిందికి విడిచి వెంటనే మూసికొనుట దాని పని. అది సడలినచో కడుపులోని ఆమ్లము పైకెగసి అన్నవాహికను మండించును. మంట గుండెదగ్గర తోచుటచే గుండెమంట యనుచున్నామే గాని గుండెకు దీనితో సంబంధము లేదు.

వేరుసెనగలో నూటికి 40 మొదలు 50 పాళ్ల వరకు నూనె యుండును. నూనె కల ఆహారము కడుపులో ఎక్కువసేపు నిలుచును. ఆ కట్టును కొంత సడలించును కూడ. గుప్పెడు పప్పు చక్కగా నమలి తిన్నవారిలో పలువురికి ఏ బాధయు కలుగదు. ఒడినిండ కాయలు వలుచుకొని తిన్నవారి సంగతి వేరు. ఇక దోసెలలోని పచ్చడిలో పప్పుతో పాటు ఎండుమిరప, చింతపండు, వెల్లుల్లియు చేరును. నింద మాత్రము పప్పుమీదనే పడుచున్నది!

బాధ కలవారు పది దినములు పప్పు మాని చూడవలెను. మంట తగ్గిన పిమ్మట, పగటిపూట, కారము లేక వేయించిన పప్పు గాని ఉడికించినది గాని గుప్పెడు తినవలెను. మరల మంట పుట్టినచో అది వారికి సరిపడదు. పుట్టనిచో ఆ మేరకు తినవచ్చును. వేరుసెనగ తినినంతనే దద్దురులు, పెదవుల వాపు, ఆయాసము వచ్చువారు మాత్రము ఈ పరీక్ష చేయనేరాదు. అది వేరొక ప్రమాదము.

కాయ పెరుకు దినములలో కూలీలు పచ్చికాయలు తినుచు వంగి పనిచేయుదురు. కడుపు నొక్కుకొని ఆమ్లము పైకి వచ్చును. రాత్రి ప్రొద్దుపోయి భుజించి వెంటనే పండుకొనుటయు అట్టిదే. భోజనమునకు, నిద్రకు నడుమ రెండు మూడు గంటలుండవలెను. తలవైపు మంచపుకోళ్ల క్రింద అరడుగు ఎత్తున ఇటుకలు పెట్టుట మేలు. చుట్ట, సారాయి మానక పప్పు మానిన ఫలమేమి?

మ్రింగుట కష్టమైనను, రక్తము కక్కినను, మలము నల్లగా వచ్చినను, కారణము లేక బరువు తగ్గినను ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి కలదు. ఛాతీ బరువెక్కి, నొప్పి ఎడమచేతికో దవడకో ప్రాకి, చెమటలు పట్టి, ఊపిరాడకున్నచో అది గుండెపోటు కావచ్చును. “పల్లీలు తిన్నాడు, గ్యాసు” అని సోడా త్రాగించి కూర్చుండబెట్టుటచే ప్రాణములు పోవుచున్నవి. 2005లో ఆరంభమైన 108 వాహనమును తక్షణము పిలువవలెను. వాహనము ఇల్లు వెదకుకొనుచు తిరుగకుండ, రోడ్డుమీద ఒక మనిషిని నిలుపుట వార్డు సభ్యుడు చేయదగిన పని.