సెలవుల్లో లెక్క, పేదవాని హక్కు
వేసవి సెలవుల్లో పిల్లలు ఎక్కాలు మరచిపోతున్నారని తల్లిదండ్రులు మాతో వాపోతుంటారు. మహమ్మద్ నగర్ పరిసరాల్లో సరిగ్గా అప్పుడే యాసంగి వరి కోతకు వస్తుంది. కళ్లాన్నే బడిగా మార్చుకుందాం.

బోరునీటితో 40 బస్తాలు పండితే ఉష్ర్ ఎంత? ఖర్చుపెట్టి తోడిన నీటి పంటపై ఇరవయ్యో వంతు, అనగా 2 బస్తాలు. కేవలం వాననీటి పంటయితే పదో వంతు, 4 బస్తాలు. పిల్లవాడు తడబడితే కసరవద్దు. బస్తాలను ఇరవై చొప్పున వరుసలు పేర్చమనండి, వరుసకొకటి పేదలది.

తొమ్మిదో శతాబ్దంలో అల్ ఖ్వారిజ్మీ తన బీజగణిత గ్రంథంలో వారసత్వ వాటాల లెక్కలను విస్తారంగా వివరించారు. బడిలో లెక్క తప్పితే మార్కులే పోతాయి. కళ్లంలో తప్పితే పేదవాని హక్కు పోతుంది. ఆ భాగాన్ని పిల్లలతోనే కొలిపించి, వారి చేతులతోనే ఇప్పిద్దాం.