ఊపిరి సంగతులు

నిద్రలోనైనా మెలకువలోనైనా మనము తలచుకోకుండానే జరిగిపోవు పని ఊపిరి. నిమిషమునకు ఇంచుమించు పదిహేను సార్లు, ఒక్కొక్క సారి అరలీటరు చొప్పున గాలి లోనికి పోయి వచ్చుచుండును. గుమాస్తా బుద్ధి ఊరకుండదు గనుక రోజు లెక్క వేసి చూచితిని: 21,600 ఊపిరులు, 10,800 లీటర్ల గాలి. మన పెద్దలు అజపాజపమునకు చెప్పిన లెక్కయు 21,600 కావడము చూచి ముచ్చట వేసినది.

ఊపిరితిత్తులకు తమంతట తాము కదలు శక్తి లేదు. కమ్మరి కొలిమి దగ్గర నిలిచినవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. తిత్తి దానంతట ఊదదు, పిడి లాగువాడు వేరే ఉండవలెను గదా! ఇక్కడ ఆ పని చేయునది ఱొమ్ముకును పొట్టకును నడుమ గొడుగువలె పరచుకొనియున్న ఉదరవితానము అను కండరము. అది క్రిందికి దిగి ప్రక్కటెముకలు పైకి లేచినపుడు ఱొమ్ములో చోటు పెరిగి గాలి వచ్చును. అది సడలగానే గాలి బయటికి పోవును.

లోనికి వచ్చిన గాలి కొమ్మలు రెమ్మలుగా చీలిన గొట్టములగుండా పోయి కోట్లకొలది చిన్న గాలిసంచులను చేరును. వాని పలుచని గోడలనుండి నెత్తురు ఆమ్లజనిని తీసికొని, బొగ్గుపులుసు గాలిని విడిచిపెట్టును. పీల్చు గాలిలో ఆమ్లజని నూటికి 21 పాళ్లు, విడుచు గాలిలో 16 పాళ్లు. అంత మిగులుచున్నది గనుకనే నీటిలో మునిగినవానికి నోటితో ఊపిరి ఊది బ్రదికింపగలుగుచున్నారు.

ఇక జబ్బులు. ఉబ్బసములో గాలిగొట్టములు వాచి బిగుసుకొని పిల్లికూతలు పుట్టును. మృగశిరకార్తెనాడు చేపమందు కొరకు హైదరాబాదు రైలెక్కువారు మనలోనూ ఉన్నారు. నమ్మకమును కాదనను గాని, ఆ మందు పనిచేయునని వైద్యశాస్త్రములో ఋజువు లేదు. పీల్చుమందు అలవాటైపోవునను భయమూ వట్టిదే. అది తిన్నగా గొట్టములకే చేరును గనుక కొద్ది మోతాదు చాలును.

న్యుమోనియాలో గాలిసంచులు నీరు, చీముతో నిండును. ఏడాది నిండని బిడ్డ నిమిషమునకు 50 సార్లు, ఐదేండ్లలోపు బిడ్డ 40 సార్లు, అంతకు మించి ఊపిరి తీసినా, డొక్కలు ఎగురవేసినా తెల్లవారువరకు ఆగరాదు.

క్షయ అనగానే ఒకప్పుడు మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరమో, తాంబరమో గుర్తుకు వచ్చెడివి. శానటోరియములో మంచము దొరకనివారి గతి ఏమి? ఈ ప్రశ్నకు జవాబు మన చెన్నపట్టణములోనే దొరికినది. 1956లో ఇక్కడ ప్రారంభమైన పరిశోధనలో 193 మంది రోగులను రెండు భాగములు చేసి, కొందరిని శానటోరియములో, కొందరిని ఇంటివద్దనే ఉంచి, అవే మందులు ఏడాదిపాటు ఇచ్చిరి. ఇరుకు ఇండ్లలో, చాలీచాలని తిండితో ఉన్నవారికి కూడ ఇంచుమించు అంత గుణమే కనిపించినది. ఇంటిలోని వారికి అంటు హెచ్చుగా సోకలేదు. 1959లో ఈ ఫలితములు వెలువడిన తరువాత లోకమంతటా క్షయవైద్యము ఇంటిదారి పట్టినది.

ఇప్పుడు సాధారణ క్షయకు ఆరు నెలల మందు చాలును. ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితము. రెండు వారములు దాటిన దగ్గుకు కఫము పరీక్ష చేయించవలెను. చిక్కంతా రెండవ నెలలో వచ్చును: దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, ఇక మాత్రలెందుకని మానివేయుదురు. అట్లు మిగిలిన క్రిములు మందులకు లొంగకపోవచ్చును.

పొగవలన వచ్చు జబ్బు మాత్రము మా ఇంటనే చూచితిని. మా పెద్దమ్మ బీడీ ముట్టి యెరుగదు. ఆయాసమును వయసు దగ్గు అని మేమంతా ఏండ్ల తరబడి కొట్టివేసితిమి. డాక్టరుగారు మొదట అడిగినది పొయ్యి సంగతే. నలుబది ఏండ్లు కట్టెలపొయ్యి ఊదినది మరి! చెడిన గాలిసంచులు తిరిగి రావని, పొగ మానిన చెడుట నెమ్మదించునని ఆయన చెప్పినారు. ఇప్పుడు ఇంట గ్యాసు ఉన్నది. మేడ యెక్కునపుడు మాత్రము ఏడవ మెట్టు మీద ఆమె కూర్చుండును. మేమును ప్రక్కన కూర్చుందుము.