బిళ్ళ కట్టిందా? పట్టు వేసి ఊరుకోకండి



మెడ పక్కనో, చంకలోనో, గజ్జల్లోనో బిళ్ళ కడితే మన ఇళ్ళల్లో ముందుగా గుర్తొచ్చేది పసుపూ సున్నమూ కలిపిన పట్టు. కాలిపుండుకు గజ్జల్లో బిళ్ళ కట్టడం, పుండు మానగానే అది కరగడం చూసినవాళ్ళమే గనుక "అదే పోతుందిలే" అంటాం. పిల్లల పుస్తకాల్లో వీటినే శోషరస గ్రంథులంటారు. ఒంట్లో చొరబడే క్రిములను పట్టి ఆపే ఠాణాలన్నమాట.

ఈ కాపలానే హెచ్.ఐ.వి. దెబ్బతీస్తుంది. అందుచేత ఆ వ్యాధి ఉన్నవాళ్ళ బిళ్ళను తేలిగ్గా తీసుకోకూడదు. మన దేశంలో దాని వెనక ఎక్కువగా ఉండేది క్షయ. పెద్దవాళ్ళు కంఠమాల అనేది చాలావరకు ఇదే. సన్నసూదితో కాస్త పదార్థం లాగి పరీక్షిస్తే చాలాసార్లు తేలిపోతుంది. మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం.

చిక్కేమిటంటే, ప్రతి బిళ్ళా క్షయ కాదు. లింఫోమా అనే క్యాన్సరు కావచ్చు. ఇంకా అరుదుగా కాసిల్‌మన్ జబ్బు కావచ్చు. బోస్టన్ డాక్టరు బెంజమిన్ కాసిల్‌మన్ 1950లలో వర్ణించిన జబ్బు ఇది. హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళకు ఇది రావడానికి మూలం, 1994లో కనుగొన్న ఒక హెర్పిస్ జాతి వైరసు. జ్వరం కొన్నాళ్ళు కాసి తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. రాత్రిళ్ళు చెమటలు, రక్తం తగ్గడం, ప్లీహం పెరగడం... అచ్చం క్షయలాగే! పరీక్ష లేకుండా క్షయ మందులు మింగుతూ కూర్చుంటే విలువైన నెలలు పోతాయి. దీనికి సూదిపరీక్ష చాలదు, బిళ్ళ మొత్తం తీసి పంపాలి. కత్తి తగిలితే జబ్బు ఒళ్ళంతా పాకుతుందన్న భయం ఉత్తిది. ఒకప్పుడు ఒకటి రెండేళ్ళలో ప్రాణం తీసిన ఈ జబ్బుకు ఇప్పుడు రిటుక్సిమాబ్ అనే మందు నరంలోకి ఎక్కించి, హెచ్.ఐ.వి. మందులూ వాడిస్తే చాలామంది ఏళ్ళ తరబడి బతుకుతున్నారు.

ఇంకొక సంగతి. హెచ్.ఐ.వి. మందులు మొదలెట్టిన కొద్ది వారాలకే బిళ్ళలు ఉబ్బవచ్చు. ఒళ్ళు బలం పుంజుకొని, దాగి ఉన్న క్షయతో తలపడటం వల్ల అలా జరుగుతుంది. "మందు పడలేదు" అని మానేయకండి, డాక్టరుకు చూపించండి.

మా బద్వేలులాంటి ఊళ్ళో ఎవరు ఏ ఆసుపత్రికి వెళ్ళిందీ సాయంత్రానికి వీధంతా తెలిసిపోతుంది. అందుకే కొందరు కడపకో, తిరుపతికో పోయి కూడా అసలు జబ్బు దాచి, బిళ్ళ ఒక్కటే చూపిస్తారు. డాక్టరు మాత్రం ఏం చేస్తాడు, పాపం? రోగి ఒప్పుకోనిదే ఆ సంగతి బయటపెట్టకూడదని 2017లో చట్టమే వచ్చింది. ఎవరినీ అడగలేకపోతే 1097కు ఫోను చేయండి, డబ్బు పడదు.